నీటిబొట్టు కింద గాలి

బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడలో అల్యూమినియానికి యానోడైజింగ్ (కరెంటుతో లోహం మీద ఆక్సైడ్ పొర పెంచడం) జాబ్‌వర్క్ చేసే షెడ్లు చాలానే ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్లలో హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు తక్కువేం కాదు. కిటికీ సెక్షన్లు, ఎలక్ట్రానిక్ పెట్టెల ముందు పలకలు, లైట్ల ఫ్రేములు ఏవైనా సరే, జిగ్ అనే పట్టుచట్రానికి బిగించి సల్ఫ్యూరిక్ ఆమ్లం ట్యాంకులో దించుతారు. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ ఆన్ చేసి 15 వోల్టుల దగ్గర అరగంటో గంటో ఉంచుతారు. బయటికి తీసిన ముక్కను తడిమితే నున్నగానే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మాత్రం దాని మీద పక్కపక్కనే దిగేసిన సన్నటి నిలువు గొట్టాలు కనిపిస్తాయి. ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి ఉండే దూరం వోల్టుకు దాదాపు 2.5 నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). ఆ లెక్కన 15 వోల్టులకు అది 37 నానోమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరులో సుమారు 8 వేల కోట్ల రంధ్రాలు. నానో అనగానే తెల్లకోట్లు, కోట్ల రూపాయల యంత్రాలే గుర్తొస్తాయి కానీ, ఈ షెడ్లలో ఆ పని షిఫ్టుల లెక్కన రోజూ జరిగిపోతోంది. లోహాల మీద నీటిని తోసే పొరలు కట్టేది కూడా ఇలాంటి నానో గరుకుతోనే.

ఆ తర్వాతి అడుగు సీలింగ్. ముక్కను 96 డిగ్రీలు దాటిన శుభ్రమైన నీటిలో, పొర మందం మైక్రానుకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) రెండు మూడు నిమిషాల చొప్పున ఉంచుతారు. బోరునీళ్లు ఇక్కడ పనికిరావు. నీటిలో సిలికా, ఫాస్ఫేట్ ఉంటే సీలింగ్ సాగదు కాబట్టి లవణాలన్నీ తీసేసిన డీఐ వాటర్ కావాలి. వేడినీటిలో అల్యూమినియం ఆక్సైడ్ నీటిని కలుపుకుని బోహ్‌మైట్‌గా మారుతుంది, ఉబ్బి రంధ్రాల మూతులు మూసేస్తుంది. ఇది హద్దు మీరితే పైన తెల్లటి పొడి పేరుకుంటుంది. వేలితో గీస్తే చారగా లేచి వస్తుంది. కస్టమర్ ఆ ముక్కను తిప్పి పంపుతాడు, అందుకే అది రాకుండా ట్యాంకులో మందు కలుపుతారు, వచ్చిందంటే బట్టతో తుడిచేస్తారు. ఆ పొడి అంటే రేకులు రేకులుగా పెరిగిన బోహ్‌మైట్ పలుకులే. నీటిని తోసే పొరలు చేసే ప్రయోగశాలలు ఏరికోరి పెంచుకునేది సరిగ్గా ఆ రేకులనే. శుభ్రం చేసిన అల్యూమినియాన్ని మరిగే నీటిలో ఐదు పది నిమిషాలు ఉంచినా చాలు, గడ్డి మొలిచినట్టు అవి లేస్తాయి. 1997లో జపాన్ పరిశోధకులు అల్యూమినా పూతకు వేడినీటితోనే ఈ గరుకు తెప్పించి, పైన ఫ్లోరిన్ ఉన్న సిలేన్ అనే సిలికాన్ రసాయనం పట్టించారు. దాని మీద నీటిబొట్టు 165 డిగ్రీల స్పర్శకోణంతో నిలిచింది.

స్పర్శకోణం అంటే బొట్టు అంచు ఉపరితలాన్ని తాకే చోట నీటి లోపలివైపు ఏర్పడే కోణం. 90 లోపు ఉంటే నీరు పరుచుకుంటుంది, దాటితే ముడుచుకుంటుంది. 150 దాటి, పైగా పలకను 10 డిగ్రీలు వంచేలోపే బొట్టు జారిపోతే దాన్ని సూపర్‌హైడ్రోఫోబిక్ అంటారు. ఈ రెండో షరతును చాలామంది వదిలేస్తుంటారు. అసలు పేచీ దానితోనే.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అప్పుడే తయారైన శుభ్రమైన లోహ ఆక్సైడ్ నీటిని తోయదు, లాక్కుంటుంది. దాని పైన ఉండే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) సమూహాలకు నీరంటే మక్కువ. గరుకుతనం ఆ మక్కువను ఇంకా పెంచుతుంది. ఉన్న స్వభావాన్నే గరుకు ఎన్నో రెట్లు చేసి చూపిస్తుందని 1936లో వెంజెల్ సమీకరణం చెప్పింది. అందుకే వేడినీటి ట్యాంకు నుంచి తీసిన బోహ్‌మైట్ రేకుల మీద బొట్టు వేస్తే క్షణంలో పరుచుకుని మాయమైపోతుంది. దాన్ని తిప్పికొట్టాలంటే రేకులకు ఒక చర్మం తొడగాలి. సబ్బులు, కొవ్వొత్తుల పరిశ్రమలో వాడే చవకైన స్టియరిక్ ఆమ్లమే ఆ పనికి సరిపోతుంది. స్పిరిట్‌లో కలిపి అందులో ముక్కను ముంచితే, అణువు తల ఆక్సైడ్‌ను పట్టుకుంటుంది, 18 కార్బన్ల తోక బయటికి నిలబడుతుంది. ఈ చర్మం మందం రెండున్నర నానోమీటర్లకు మించదు.

అయితే చర్మం ఒక్కటే ఎక్కువ దూరం తీసుకెళ్లదు. నున్నటి అల్యూమినియం మీద స్టియరిక్ ఆమ్లం 100, 105 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఫ్లోరిన్ రసాయనాల్లో నీటికి అన్నిటికంటే దూరంగా ఉండే రకాన్ని నున్నటి గాజు మీద పరిచినా 119 డిగ్రీలు దాటడం లేదని 1999లో కొలిచి చూపించారు. 119 నుంచి 165 దాకా మిగిలినదంతా ఏ రసాయనమూ ఇచ్చింది కాదు. బొట్టు కింద చిక్కుకున్న గాలి ఇచ్చింది. నీటిని తోసే పొర తయారుచేయడమంటే గాలిని పట్టి ఉంచే కట్టడం కట్టడమే. ఈ రంగంలో వచ్చే ప్రకటనలు, ఫలితాలు, గొప్పలు అన్నిటినీ ఈ ఒక్క దృష్టితో చూస్తే ఏది గట్టిదో, ఏది డొల్లదో ఇట్టే తెలిసిపోతుంది.

కోత అయిన వరిమడిలో కొయ్యకాళ్ల మీద పట్టా పరిస్తే అది కొనల మీదే ఆనుతుంది, కింద గాలి ఉంటుంది. బరువు పెరిగితే కుంగి నేలను తాకుతుంది. నానో రేకుల మీద బొట్టు పరిస్థితి కూడా అదే. 1944లో కేసీ, బ్యాక్‌స్టర్ దీనికి లెక్క కట్టారు. స్టియరిక్ ఆమ్లం తొడిగిన కొనలకు నున్నటి స్థితిలో 105 డిగ్రీలు అనుకుందాం. బొట్టు అడుగున నూటికి 20 వంతులు మాత్రమే ఘనపదార్థాన్ని తాకితే కోణం 148 డిగ్రీలు వస్తుంది. 10 వంతులు తాకితే 158, 5 వంతులు తాకితే 164. అంటే 150 దాటించడానికి కొత్త రసాయనం వెతకనక్కర్లేదు, తాకే చోటు తగ్గిస్తే చాలు.

ఇక్కడే యానోడైజింగ్ రంధ్రాల అసలు సమస్య బయటపడుతుంది. ట్యాంకులో పుట్టినప్పుడు రంధ్రాల వాటా మొత్తం వైశాల్యంలో నూటికి 10, 15 వంతులే, మిగతాదంతా గోడ. లెక్క వేస్తే వచ్చేది 112 డిగ్రీలు, ఎందుకూ చాలదు. అలాగని వదిలేయనక్కర్లేదు. పలచటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో 30 డిగ్రీల దగ్గర ఉంచితే గోడలు మెల్లగా కరిగి రంధ్రాలు వెడల్పవుతాయి. గోడ వాటా 30 వంతులకు దిగితే కోణం 141కి చేరుతుంది. ఇంకా కరగనిస్తే గోడలు చీలి, విడివిడి తీగలై, కొనలు ఒకదాని మీద ఒకటి వాలి గుత్తులు కడతాయి, 150 దాటేస్తాయి. ఒకే ముక్క, ఒకే చర్మం. ఆమ్లంలో గడిపిన నిమిషాలను బట్టి 112 నుంచి 160 దాకా ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపవచ్చు. ఇష్టం వచ్చిన కోణం తెప్పించుకోవడమంటే ఇదే, ఇందులో మంత్రమేమీ లేదు.

రంధ్రాల దూరాన్ని వోల్టేజీ ఎలాగూ చెప్పుచేతల్లో ఉంచుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టులకు 100 నానోమీటర్లు, ఫాస్ఫారిక్ ఆమ్లంలో 195 వోల్టులకు 500 నానోమీటర్లు వస్తాయి. 1996లో మసుడా, సాతో ఒకసారి పెంచిన పొరను కరిగించేసి, మిగిలిన గుంటల మీద మళ్లీ పెంచి, రంధ్రాలను చక్కటి వరుసల్లో నిలబెట్టారు. రాగి విషయంలో దారి వేరు. కాస్టిక్ సోడా, అమ్మోనియం పర్‌సల్ఫేట్ కలిపిన ద్రావణంలో ముంచితే నీలిరంగు కాపర్ హైడ్రాక్సైడ్ సూదులు మొలుస్తాయి, వేడి చేస్తే అవే నల్లటి కాపర్ ఆక్సైడ్ అవుతాయి. జింక్ ఆక్సైడ్ కడ్డీలకు జింక్ నైట్రేట్, హెక్సమిన్, 90 డిగ్రీల నీరు చాలు.

మరి నానోమీటర్ల దాకా ఎందుకు, మైక్రాన్ల గరుకు సరిపోదా? కోణం ఒక్కటే కావాలంటే సరిపోతుంది. గాలి నిలవాలంటే సరిపోదు. 105 డిగ్రీల చర్మం ఉన్న 10 మైక్రాన్ల సందులోకి నీటిని దూర్చడానికి 76 సెంటీమీటర్ల నీటి ఎత్తు ఇచ్చే ఒత్తిడి చాలు. అదే సందు 100 నానోమీటర్లయితే 76 మీటర్ల ఎత్తు కావాలి. సెకనుకు 9 మీటర్ల వేగంతో పడే పెద్ద వానచినుకు గుద్దితే ఆ ఒత్తిడి 4 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. మైక్రాన్ల సందులు మొదటి జల్లుకే నిండిపోతాయి. నానో సందులు నిలుస్తాయి. నానో కట్టడం కావాలనడానికి బలమైన కారణం ఇదే.

తామరాకు మీద బొట్టు జారిపోవడం తెలుగువాళ్లకు సామెతల్లోనే ఉంది. దాని వెనక ఉన్న కట్టడాన్ని 1997లో జర్మనీకి చెందిన బార్త్‌లోట్, నైన్‌హుయిస్ మైక్రోస్కోపులో వివరంగా చూపించారు. సుమారు 10 మైక్రాన్ల బుడిపెలు, వాటి మీద 100 నానోమీటర్ల మైనపు గొట్టాలు, రెండంతస్తుల గరుకు. బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో తామరల పక్కనే గులాబీల రాశులుంటాయి. గులాబీ రేక మీద కూడా బొట్టు 150 డిగ్రీలు దాటి గుండ్రంగానే కూర్చుంటుంది, కానీ రేకను తలకిందులు చేసినా చిన్న బొట్టు ఊడి పడదు. రేక మీది పెద్ద సందుల్లోకి నీరు దిగి, చిన్న మడతల్లోకి దిగకపోవడం దీనికి కారణమని 2008లో వివరించారు. కోణం ఒకటే, ప్రవర్తన పూర్తిగా వేరు. ఒక చుక్క రక్తాన్నో రసాయనాన్నో ఒలకకుండా ఒకచోట పట్టి ఉంచాలంటే గులాబీ రకం కావాలి, మురికిని దొర్లించుకుని పోవాలంటే తామర రకం కావాలి. కాబట్టి 160 డిగ్రీలు సాధించామని చెప్పి, ఎంత వంచితే బొట్టు జారుతుందో చెప్పని ఫలితాన్ని సగం చెప్పినట్టే లెక్కపెట్టాలి.

నీటిని తోసే గుణాన్ని మళ్లీ వెనక్కి తిప్పే మార్గాలూ ఉన్నాయి. 300 డిగ్రీలు దాటి వేడి చేస్తే కొవ్వు ఆమ్లపు చర్మం కాలిపోతుంది, ఆక్సైడ్ మళ్లీ నీటిని లాక్కుంటుంది. వెలుతురు ఇంకా సున్నితమైన సాధనం. టైటానియం డయాక్సైడ్ పొర మీద అతినీలలోహిత కాంతి పడితే నీరు పూర్తిగా పరుచుకుంటుందని 1997లో ఫుజిషిమా, హషిమోటో బృందం నేచర్ పత్రికలో చూపించింది. 388 నానోమీటర్ల కంటే చిన్న తరంగాలు ఉంటేనే ఇది జరుగుతుంది. 2004లో చైనా పరిశోధకులు నిలువు జింక్ ఆక్సైడ్ కడ్డీల మీద 161 డిగ్రీల కోణాన్ని రెండు గంటల అతినీలలోహిత కాంతితో సున్నా దగ్గరికి దింపారు. చీకట్లో ఏడు రోజులు ఉంచితే అది మళ్లీ పైకి వచ్చింది. చర్చల్లో దీన్ని స్విచ్ అని పిలుస్తుంటారు. ఆన్ కావడానికి రెండు గంటలు, ఆఫ్ కావడానికి వారం పట్టేదాన్ని స్విచ్ అనడం కష్టం. మాస్క్ పెట్టి కాంతి పంపి, ఒకే పలక మీద తడిసే దారులు, తడవని గట్లు గీయడానికి మాత్రం ఇది అద్భుతమైన పద్ధతి.

ఆ ఏడు రోజుల్లో చీకట్లో ఏం జరుగుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. కాంతి తెచ్చిన ఉపరితల మార్పు సద్దుమణగడం ఒక వివరణ. గాలిలోని కర్బన ఆవిర్లు మెల్లగా వచ్చి అంటుకోవడం రెండో వివరణ. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2013లో అరుదైన మృత్తిక లోహాల ఆక్సైడ్లు స్వతహాగానే నీటిని తోస్తాయని ఒక పేరున్న పరిశోధన వచ్చింది. మరుసటి ఏడాదే ఇంకో పరిశోధన, పూర్తిగా శుభ్రం చేసినప్పుడు అవి నీటిని ఇష్టపడుతున్నాయనీ, గాలిలో ఉంచాక అంటిన కర్బన పదార్థాల వల్లే తోస్తున్నాయనీ చూపించింది. ఏ చర్మమూ తొడగని కాపర్ ఆక్సైడ్ సూదులు కూడా అల్మారాలో కొన్ని వారాలుంటే నీటిని తోయడం మొదలుపెడతాయి. బెంగళూరు లాంటి ఊళ్లో డీజిల్ పొగ, వంటనూనె ఆవిరి, రంగుల షాపుల సాల్వెంట్ వాసన ప్రయోగశాల కిటికీ దగ్గర ఆగిపోవు. నమూనా వయసెంత, ఎక్కడ దాచారు, కొలిచే ముందు దేనితో కడిగారు అన్నవి రాయకుండా ఇచ్చే కోణానికి విలువ ఇవ్వకపోవడమే మంచిది.

కొలత దగ్గరా జాగ్రత్త కావాలి. మామూలుగా 5 మైక్రోలీటర్ల బొట్టు వేసి పక్క నుంచి ఫొటో తీస్తారు. ఆ బొట్టు అడ్డంగా సుమారు 2 మిల్లీమీటర్లు. కోణం 150 దాటాక బొట్టు, పలక కలిసే చోటు నీడలో పడిపోతుంది. ఆధారరేఖను ఒకటి రెండు పిక్సెళ్లు జరిపితే కోణం కొన్ని డిగ్రీలు మారిపోతుంది. 162 గొప్పా 165 గొప్పా అనే పోటీకి అర్థం లేదు. సిరంజితో నీరు పోస్తూ బొట్టు అంచు ముందుకు కదిలేటప్పుడు ఒకసారి, లాగేస్తూ వెనక్కి వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి, రెంటికీ మధ్య తేడా చెబితే దానికి విలువ ఉంటుంది. తేడా ఎంత తక్కువైతే బొట్టు అంత సులువుగా జారుతుంది. బెంగళూరుకు ఈ విషయంలో లోటు లేదు. లోహ ఆక్సైడ్ల మీద జీవితమంతా పనిచేసిన సి.ఎన్.ఆర్. రావు 1989లో నిలబెట్టిన జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం జక్కూరులో ఉంది. ఐఐఎస్‌సీలోని నానో సైన్స్ కేంద్రం తన మైక్రోస్కోపులను, కొలత పరికరాలను రుసుము తీసుకుని బయటివాళ్లకూ ఇస్తుంది. అక్కడి నుంచి పీణ్యాకు కొన్ని కిలోమీటర్లే. అయినా షెడ్డులో సీలింగ్ చూసే తెలుగు కుర్రాడికీ, క్యాంపస్‌లో బోహ్‌మైట్ మీద పీహెచ్‌డీ చేసే తెలుగు కుర్రాడికీ మధ్య ఈ మాటలు నడవకపోవడం బాధగా ఉంటుంది. ట్యాంకు వేడి రెండు డిగ్రీలు తగ్గితే రేకుల తీరు ఎలా మారుతుందో మొదటివాడికి చేతి అనుభవంతో తెలుసు. ఎందుకు మారుతుందో రెండోవాడికి తెలుసు.

ప్రయోగశాలలో నెగ్గిన పొర బయట ఓడిపోయే సందర్భాలు ముఖ్యంగా రెండు. మొదటిది మంచు. పైనుంచి పడే బొట్టును ఆపడం ఒక ఎత్తు, ఆవిరి నానో సందుల్లోకే దూరి అక్కడే నీరుగా మారడం ఇంకో ఎత్తు. తామరాకు కూడా ఆవిరి పట్టించినప్పుడు బొట్లను జారనివ్వక పట్టేసుకుంటుందని 2005లో తేలింది. డిసెంబరు తెల్లవారుజామున బెంగళూరు శివార్లలో ఆరుబయట పెట్టే పొరకు అసలు పరీక్ష ఇదే. రెండోది రాపిడి. నానో సూదులు వేలితో ఒక్కసారి రుద్దితే విరుగుతాయి. 2020లో నేచర్‌లో వచ్చిన ఒక పరిష్కారం బాగుంది. మైక్రాన్ల పరిమాణంలో గట్టి చట్రం కట్టి, నానో గరుకును దాని గుంటల్లో దాచడం. రాపిడిని చట్రం భరిస్తుంది, నీటిని లోపలిది తోస్తుంది. యానోడైజ్ చేసిన పొర గట్టిదే కాబట్టి, గోడలను మరీ కరిగించకుండా 140 దగ్గర ఆగిన పొర 160 కోణమున్న తీగల గుత్తుల కంటే వాడకంలో మేలు కావచ్చు. 150 అనే గీతను దాటాలన్న టెన్షన్‌లో ఈ బేరం చాలాసార్లు మరుగున పడుతోంది.

చర్మంగా వాడే ఫ్లోరిన్ రసాయనాల సంగతి కూడా చూడాలి. ఈ కుటుంబంలోని పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని 2019లో, ఎన్నాళ్లైనా పోని విషాలను అదుపు చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. ఇవి మట్టిలో, నీటిలో దశాబ్దాల పాటు విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయి. నూనెను కూడా తోయాల్సిన చోట వీటికి ప్రత్యామ్నాయం కష్టమే. నీరు ఒక్కటే సమస్య అయిన చోట, కట్టడమే ఎక్కువ పని చేస్తుందని పై లెక్కలు చెబుతుండగా, ఫ్లోరిన్ జోలికి పోవడానికి కారణం కనపడదు.

ఎక్కడ తోయాలి, ఎక్కడ లాక్కోవాలి అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ఏసీ లోపలి యూనిట్ అల్యూమినియం రేకులకు నీటిని ఇష్టపడే పూతే వేస్తారు. అక్కడ బొట్లు గుండ్రంగా నిలిస్తే రేకుల సందులు మూసుకుపోయి గాలి ఆడదు. నీరు పలచగా పరుచుకుని కిందికి కారిపోవాలి. ఆవిరిని చల్లార్చే రాగి గొట్టాల మీద సరిగ్గా దీనికి వ్యతిరేకం. నీరు పొరగా పరుచుకుంటే వేడికి అడ్డు, బొట్లుగా రాలితే వేడి ఐదు నుంచి పది రెట్లు సులువుగా దాటుతుంది. కాపర్ ఆక్సైడ్ సూదుల మీద పది మైక్రాన్ల బొట్లు రెండు కలిసినప్పుడు వాటంతట అవే ఎగిరి పడతాయి. ఇలా బొట్లు ఎగిరే గొట్టం మీద, అప్పటికి ఉన్న మంచి ఉపరితలాల కంటే 25 శాతం ఎక్కువ వేడి ప్రవహించిందని 2013లో కొలిచారు. ఆవిరి మరీ ఎక్కువైతే మాత్రం సందులు నిండిపోయి ఈ లాభం పోతుంది.

తేల్చడం కష్టమైన ఉదాహరణ పావగడ. తుమకూరు జిల్లాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, ఇళ్లలో తెలుగు వినిపించే ఊళ్లున్న ఈ తాలూకాలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అద్దాల మీద దుమ్ము, కడగడానికి నీటి కరువు. నీటిని తోసే పూత వేస్తే సరిపోతుందనే సలహా వినడానికి బాగుంటుంది. కానీ దుమ్మును మోసుకుపోయే బొట్టు ఉంటేనే తామరాకు పద్ధతి పనిచేస్తుంది, అక్కడ నెలల తరబడి వాన ఉండదు. టైటానియం డయాక్సైడ్ పూతకూ కడిగే నీరు కావాల్సిందే. పైగా కాంతి చెదరకూడదంటే గరుకు 100 నానోమీటర్ల లోపే ఉండాలి. రాత్రి మంచు పడి పొద్దున ఆరితే దుమ్ము అద్దానికి గట్టిగా అతుక్కుపోతుంది. ఆ కాస్త మంచునీటినే బొట్లుగా చేర్చి కిందికి దొర్లించగలిగితే పూతకు ప్రయోజనం ఉంటుంది. అది సాధ్యమో కాదో ప్రయోగశాల బొట్టు చెప్పలేదు. పూత వేసిన ఒక వరుస, వేయని ఒక వరుస పక్కపక్కనే ఏడాది పొడవునా ఉంచి, రెంటి కరెంటు మీటర్లూ నెలనెలా చూడాలి. చలికాలపు మంచు నెలలు, మార్చి నుంచి మే దాకా పొడి నెలలు రెండూ అందులోకి రావాలి.